చెవిలో దూది

...అయినా దూది ఎంతపాటి వస్తువని, చిటికెడు, ఊదితే ఎగిరిపోయేది, దాన్ని నమ్ముకుని ఒక మనిషి ఏడాది వెళ్ళదీసిందంటే నవ్వొస్తుంది, అనుకుంటూనే ఆమె ఆ చిటికెడు దూదిని వేళ్ళ మధ్య ఉండ చుట్టి కుడి చెవిలో పెట్టుకుంది. తర్వాత ఎడమ చెవిలో. లోకం ఒక గది అవతలికి జరిగింది. లారీ చెక్క అడుగు మీద గుర్రం గిట్టతో దంచుతున్న చప్పుడు, పక్కింట్లో ఎవరో గోడకి మేకు కొడుతున్నట్టు వినిపించసాగింది. హాయిగా ఉంది. హాయి అంటే మరీ హాయి కాదు. అలసట మీద దుప్పటి కప్పినట్టు.

పోయిన వారం కథలో ఆమెను ఈ లారీలోనే, మైదానం గేటు దాటుతుండగా వదిలాం. అప్పటి నుంచి జరిగింది పెద్దగా లేదు. ఇసుక చట్రంలో న్యాయనిర్ణేతల ముందు గుర్రాన్ని నడిపించే పరీక్ష అయింది. రంగు కర్రలు దూకించేది అయింది, ఒక కర్ర పడింది. మిగిలింది మూడోది, అసలుది: పొలాల్లో, చెట్ల మధ్య, దుంగలూ గోతులూ నీటిమడుగులూ దాటుకుంటూ ఒంటరిగా పరుగు. నిరుడు ఇదే మైదానంలో, ఏడాది మొదటి పోటీలోనే, గొయ్యి మీది దుంగ దగ్గర తమ్ముడు పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అతని గుర్రం ఆమె చేతికి వచ్చింది. నేర్పేవాడు మాత్రం మారలేదు, మావయ్యే. ఇంట్లో ఆయనతో మాటలు ఆగిపోయాయి, అంతే. ఎందుకంటే ఆ దుంగకి ముందు ఆయన 'వదిలెయ్' అని అరిచాడు.

ఆ మాటకి వాళ్ళలో రెండు అర్థాలున్నాయి. గుర్రం గాల్లోకి లేచేటప్పుడు మెడ సాచుకోవడానికి పగ్గం సడలించమనాలంటే 'వదిలెయ్'. అడుగు కుదరలేదు, ఈ కంచె ఇప్పుడొద్దు, పక్కకి తిప్పేయ్ అనాలన్నా 'వదిలెయ్'. ఏళ్ళ తరబడి ఆయన నోట రెండింటికీ ఒకటే మాట; గొంతు ఎగిరిందా దిగిందా అన్నదాన్ని బట్టి పిల్లలు తెలుసుకునేవారు. ఆ రోజు మావయ్య తిప్పేయమన్నాడనీ, తమ్ముడు పగ్గం సడలించమన్నాడనుకున్నాడనీ ఇంట్లో తీర్మానమైపోయింది. మావయ్య అవుననలేదు, కాదనలేదు. మైదానంలో నోరు విప్పడమే మానేశాడు. ఇప్పుడు ఆయన నేర్పేదంతా చేతి సైగలతోనే. ఆ సంగతి తెలిసి కూడా ఆమె దూది పెట్టుకుంటుంది.

జీనులు వేలాడే ఇరుకు గదిలో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఆమె తన మోకాళ్ళని చూసుకుంది. వాటి వయసు తన వయసు కన్నా ఎక్కువనిపించింది. ఛాతీ కవచం పట్టీలు బిగించాలి. లేచి నిలబడాలి. నిలబడటమనే పని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో కాసేపు తెలియలేదు.

తలుపు దగ్గర నీడ పడింది. జట్టు కెప్టెను, ఏడాది పొడుగునా జలుబుతో ఉండే పొడుగాటి ఆడమనిషి.

"ఏమే, చెవుడా? ఎన్నిసార్లు పిలవాలి?"

"పట్టీ బిగిస్తున్నా. ఏంటి?"

"మనవాడు నీళ్ళ దగ్గర పోయాడు. గుర్రం దిగనంటే దిగనంది. మొరాయించీ మొరాయించీ బయటికి పంపించేశారు." కెప్టెను ముక్కు తుడుచుకుంది. "నలుగురిలో ఒకడు పోయాడు. ముగ్గురు పూర్తిచేస్తేనే జట్టుకి లెక్క. నేనొచ్చేశా, ఆ చిన్నది వచ్చేసింది. ఇక నువ్వే."

"నేను రాకపోతే?"

"పాక్కుంటూ అయినా రా. దుంగ దగ్గర చుట్టుదారి ఉందిగా, పొదల వెనక నుంచి, అది పట్టు. ఆలస్యమైతే అవనీ."

"రాకపోతే ఏమవుతుందని అడుగుతున్నా."

కెప్టెను చూపు లారీ వెనక వైపుకి వెళ్ళింది. అక్కడ గుర్రం తన తొట్టిలోని గడ్డిని తినకుండా, ఎవరైనా బతిమాలతారేమోనని చూస్తోంది. దాన్ని అందరూ అల్లుడుగారు అంటారు. పిలిస్తే రాడు, పెడితే తినడు, ఎక్కమంటే ఎక్కడు. బతిమాలితే మాత్రం అన్నీ చేస్తాడు, అదీ ఉపకారం చేసినట్టు.

"అల్లుడుగార్ని వేరే అత్తారింటికి పంపించేస్తారు," అంది కెప్టెను. "గుర్రం జట్టుది, నీదీ నాదీ కాదు. ఏడాదిగా నువ్వు దాన్ని ఒక్క గొయ్యి మీదికీ తీసుకెళ్ళలేదని పైవాళ్ళకి తెలుసు. నేను దాచినన్నాళ్ళు దాచా. ఇంక నా వల్ల కాదమ్మా."

ఆమె తల ఊపింది. తమ్ముడు ఆస్పత్రి నుంచి వచ్చాక నడవడం నేర్చుకున్నది ఆ గుర్రం మెడ పట్టుకునే. ఆ సంగతి ఏ పైవాళ్ళకీ తెలియదు.

కిందకి దిగేసరికి మావయ్య తాడు కట్టిన దారి పక్కన నిలబడి ఉన్నాడు. చొక్కా మీద చొక్కా, దాని మీద పాత కోటు, జేబుల నిండా చక్కెర బిళ్ళలూ పురికొసలూ. రెండు వేళ్ళు ఎత్తి దూరంగా చూపించాడు. మళ్ళీ ఒకసారి దుంగ చూసొద్దాం అని అర్థం.

నడిచారు. చలికాలం వెళ్ళీ వెళ్ళని నేల. పైన పచ్చగా ఉన్నా అడుగు పెడితే బురద లోపలి నుంచి పీలుస్తోంది. ఆయన ముందు, ఆమె వెనక. చిన్నప్పుడు కూడా ఇలాగే నడిచేవారు, ముగ్గురూ. ఆయన కంచె కంచెకీ ఆగి కథ చెప్పేవాడు, ఈ కంచె పిసినారిది, చేరువగా వస్తేనే దాటనిస్తుంది, ఈ కంచె గయ్యాళిది, దూరం నుంచే దణ్ణం పెట్టాలి, అంటూ. ఇప్పుడు కంచెలకి స్వభావాలు లేవు. చెక్క, అంతే.

దుంగ కూడా చెక్కే. మనిషి చుట్టుకొలత ఉన్న పాత మాను ఒకటి, గొయ్యి మీద అడ్డంగా వేలాడగట్టి ఉంది. గోతిలో నిన్నటి వాన నీరు. కుడి పక్క ఎర్ర జెండా, ఎడమ పక్క తెల్ల జెండా, మధ్యలో ఆకాశం. ఎడమకి తిరిగితే పొదల వెనక నుంచి చుట్టుదారి: చిన్న కంచె, మలుపు, ఇంకో చిన్న కంచె. గొయ్యే లేదు.

మావయ్య చేత్తో చుట్టుదారి గీశాడు గాల్లో. మళ్ళీ గీశాడు.

"మావయ్యా, నోటితో చెప్పు. నీ సైగలు చూసీ చూసీ మెడ పట్టేసింది నాకు."

ఆయన పెదాలు కదిలాయి.

"ఆఁ?"

ఆయన ఆమె చెవి వైపు చూశాడు. తర్వాత, ఏడాదిలో మొదటిసారి, నవ్వాడు.

"దూది తీస్తే చెప్తా."

ఆమెకి మొహం వేడెక్కింది. "నీకెలా తెలుసు?"

"మందుల పెట్టెలో దూది చుట్టలు చుట్టలుగా అయిపోతుంటే, గుర్రాలకి ఇన్ని దెబ్బలెక్కడివిరా అనుకున్నా. ఆనక ఒకరోజు నీ వెనక బకెట్ పడేశా. నువ్వు తిరిగి చూళ్ళేదు." తల అడ్డంగా ఊపాడు. "నోరు కట్టేసుకున్నవాడి అరుపు వినపడకుండా చెవులు మూసుకోవడం! మనింట్లో వాళ్ళకి తెలివి తొణికిసలాడుతుందమ్మాయ్."

ఆమె దూది తియ్యలేదు. ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "ఇలా చెప్పు, వినపడుతుంది. నిన్ను ఒకటే అడుగుతా. ఆ రోజు ఏ వదిలెయ్ అది?"

విజిల్ వినిపించింది. ఇద్దరూ తాడు వెనక్కి జరిగారు. చెట్ల మధ్య నుంచి ఎర్రటి గుర్రం ఒకటి వచ్చింది, ఊపిరి పొగలు చిమ్ముతూ. దుంగను చూసి చెవులు నిక్కించింది, లేచింది, దాటింది. బురద ముద్దలు గాల్లోకి లేచి మావయ్య కోటు మీద పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు.

"తెలీదు," అన్నాడు.

"తెలీదంటే?"

"తెలీదంటే తెలీదు తల్లీ. వాడొస్తున్నాడు. అడుగు తప్పుగా పడుతోందని నా కాళ్ళకి తెలిసింది, బుర్రకింకా తెలీలేదు. నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. తిప్పేయమనా, సడలించమనా... ఎన్నిసార్లు వెనక్కెళ్ళి చూసుకున్నా అక్కడ మాట ఉంది గానీ దాని లోపల ఏమీ లేదు. ఖాళీ. భయపడి కేక వేసినట్టు. ఇన్నేళ్ళు గుర్రాల మధ్య తిరిగాను కదా, నాకు కేక కూడా ఆ మాటలాగే వస్తుంది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మూసుకున్నావ్? అమ్మ నీ పేరెత్తదు. వాడు నీ మొహం చూడడు. కనీసం తెలీదని అయినా చెప్పొచ్చుగా!" ఆమె గొంతు ఆమెకే లోపల ఎక్కడో మోగుతున్నట్టుంది. దూది పెట్టుకున్నవాళ్ళకి తమ కోపం మాత్రం మరీ దగ్గరగా వినపడుతుంది.

"చెప్తే? వాడి తుంటి విరిగింది. దానికి ఎవరిదో ఒకరి నోరు కావాలి కదా. నాది ఎలాగూ పెద్ద నోరే." ఆయన జేబులోంచి చక్కెర బిళ్ళ తీసి, ఇవ్వడానికి గుర్రం లేక, తనే నోట్లో వేసుకున్నాడు. "నువ్వొచ్చేటప్పుడు నేనిక్కడే నిలబడతా. ఏమనమంటావో ఇప్పుడే చెప్పు. అదే అంటా."

"ఏం అనొద్దు."

"సరే."

"ఏం అనొద్దు మావయ్యా."

"సరే అన్నాగా," అంటూ ఆయన చెయ్యి ఎత్తి మళ్ళీ మూగవాడైపోయాడు.

ఆమె ఒక్కతే తిరిగి నడిచింది. కోపం వచ్చిన దారినే దిగిపోయింది, దాని జాగాలో అదే పాత అలసట. ఎవరిదో ఒకరి తప్పు ఉందనుకున్నంత కాలం ఇంట్లో కుర్చీలు ఎవరివి వాళ్ళకున్నాయి. అమ్మకి అలిగే కుర్చీ, తమ్ముడికి నొప్పి కుర్చీ, మావయ్యకి గుమ్మం బయట నేల. ఇప్పుడాయన లేచి, ఆ నేల నాది కాకపోవచ్చు అంటున్నాడు. ఇక ఎవరు ఎక్కడ కూర్చోవాలి?

లారీ దగ్గర తమ్ముడు కర్ర ఆనించి, వంపు చెక్క మీద కూర్చుని గుర్రం లాడాలకి మరలు బిగిస్తున్నాడు. బురదలో జారకుండా బిగించే చిన్న ఇనుప మరలు. అతను ఈ మైదానానికి రావడం నిరుడు పడ్డాక ఇదే మొదటిసారి. అల్లుడుగారు కాలు అతని ఒళ్ళో పెట్టి, గోళ్ళు తీయించుకుంటున్న దొరలా ఎటో చూస్తున్నాడు.

"ఏంటక్కా, శవాన్ని మోసుకొస్తున్నట్టు నడుస్తున్నావ్?"

"ఒరే, నన్ను విసిగించకు."

"చుట్టుదారేనా?"

"చుట్టుదారే. మావయ్యా అదే అన్నాడు, కెప్టెనూ అదే."

"వీడితో చుట్టుదారంటే చచ్చామే. ఆలోచించుకునే టైమిస్తే వీడు మొత్తం జీవితం గురించి ఆలోచిస్తాడు." మరని ఇంకో చుట్టు తిప్పాడు. "అయినా నీ ఇష్టం."

ఆమె అతని పక్కన కూర్చుంది. మెల్లిగా, ఆ పాత సంగతిని ఏదో ఒకలా సర్దేయాలని, వాడి జ్ఞాపకంలో ఆ గొంతు ఎగిరిందో దిగిందో తెలిస్తే చాలు అన్నట్టు అడిగింది: "ఒరే, ఆ రోజు మావయ్య ఆ మాట ఎలా అన్నాడ్రా? పైకా, కిందకా?"

తమ్ముడి చెయ్యి ఆగింది. గుర్రం కాలు వెనక్కి లాక్కుంది. ఆ కాలిని మళ్ళీ ఒళ్ళోకి తీసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

"ఎందుకిప్పుడు?"

"ఆయనకే తెలీదట. ఇప్పుడు చెప్పాడు."

"ఓహో." అతను ఇంకేదో అన్నాడు, మొహం గిట్ట మీదికి వంచి.

"గట్టిగా అను, వినపళ్ళేదు."

"అదేనే! నాకూ వినపళ్ళేదు అంటున్నా!" అతను తల ఎత్తాడు. "ఆ రోజు గాలి నా వైపు నుంచి అటు కొడుతోంది. మావయ్య అరిచాడని కూడా నాకు తెలీదు. నాకు భయమేసింది, అక్కా. దుంగ పెద్దదవుతూ వస్తోంది, నా చేతులు వాటంతటవే వదిలేశాయి. అంతే. ఏడుపొస్తే మొహం వంకరపోయినట్టు, అలా. ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి నువ్వు వరండాలో అమ్మకి చెప్తున్నావ్: మావయ్య వదిలెయ్ అన్నాడు, వీడు వదిలేశాడు, అని. తలుపు తెరిచే ఉంది. విన్నాను. బాగుందనిపించింది. భయపడి వదిలేశా అనేదానికన్నా, చెప్తే వదిలేశా అనేది బాగుంది కదా. నువ్వు చెప్పావు, నేను ఊఁ కొట్టాను."

గుర్రం అతని చొక్కా జేబు వెతుకుతోంది. అతను మూతిని నెట్టేయలేదు.

ఆ రోజు ఆమె మావయ్య పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా నిలబడింది. ఆ మాట దుంగ దాకా వెళ్ళనే లేదన్నమాట. తన చెవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ ఖాళీ కేకని తను ఇంటికి మోసుకెళ్ళి, అర్థం తొడిగి, వరండాలో నిలబెట్టింది. దానికి అమ్మ అలిగింది, తమ్ముడు ఊఁ కొట్టాడు, మావయ్య మూగబోయాడు. ఆ మాట విన్నది లోకంలో తనొక్కతే. అందుకేనేమో, చెవులు మూసుకోవాలని తనొక్కదానికే తోచింది. మావయ్య అరుపంటే భయమని ఇన్నాళ్ళూ అనుకుంది. కాదు. మళ్ళీ ఏదైనా విని, దానికి ఏం అర్థం ఇచ్చేస్తానో అని.

"తిట్టవే," అన్నాడు తమ్ముడు. "ఒక్కటైనా తిట్టు."

"ఓపిక లేదురా."

"అదీ నిజమే." కర్ర పట్టుకుని లేచాడు, మూలుగుతూ. "సరే, నేను దుంగ దగ్గరికి పోతున్నా."

"నువ్వా? మావయ్య ఉన్నాడక్కడ."

"అందుకే. ఒక్కడే నిలబడితే గాలికి ఎగిరిపోయేలా ఉన్నాడు. చక్కెర బిళ్ళలు తిని తిని వట్టి కోటు మిగిలింది మనిషికి."

"ఏం మాట్లాడతావు?"

"ఏమో. ముందు నడవనీ." నాలుగడుగులు వేసి తిరిగాడు. "చుట్టుదారైనా, తిన్నగానైనా, నేను మాత్రం ఏం అరవను. అరిచినా నీకు వినపడదులే, నువ్వు ఎటూ దూది పెట్టుకుంటావుగా."

"నీకూ తెలుసా!"

"ఇంట్లో అందరికీ తెలుసే. నీకు వినపడలేదంతే."

తర్వాత పనులు వాటంతటవే జరిగిపోయాయి. జీను పట్టీ బిగించింది, శిరస్త్రాణం బిగించింది. అల్లుడుగార్ని బతిమాలి, మెడ మీద నిమిరి, పచ్చికలో చిన్న పరుగులు తీయించింది. గుర్రం ఒళ్ళు వెచ్చబడింది; ఆమెది వెచ్చబడలేదు. పరుగు మొదలుపెట్టే చోట మూడు వైపులా తెల్ల కర్రలు కట్టిన చిన్న దొడ్డి. లోపలికి పోనని అల్లుడుగారు అలిగాడు. కెప్టెను తుమ్ముతూ వచ్చి, "దయచేయండి నాయనా, మీదే ఆలస్యం," అంటూ కళ్ళెం పట్టి లోపలికి నడిపించింది.

అక్కడి నుంచి పల్లం కనిపిస్తుంది. చెట్ల వరస, దాని పక్కన తాడు, తాడు దగ్గర దుంగ, అగ్గిపుల్లంత. దుంగకి ఇటు ఒక మనిషి, కోటు ఎగురుతూ. అటు ఇంకో మనిషి, కర్ర మీద వాలి. వాళ్ళ మధ్య జాగా ఎంతో ఇక్కడి నుంచి చెప్పలేం. చూస్తుండగా వాళ్ళలో ఒకరు ఒక అడుగు వేశారు. ఎటువైపో తెలియలేదు. ఇంకొకరి చెయ్యి పైకి లేచింది. అది సైగో, తిట్టో, రమ్మనడమో.

దుంగ పక్క జెండాలు రెపరెపలాడుతున్నాయి. రెండూ ఆమె వైపే. ఇవాళ గాలి ఇటు కొడుతోంది.

పరుగుకి పంపే ఆయన గడియారం చూస్తూ అంకెలు వెనక్కి లెక్కపెట్టసాగాడు. పెదాలు మాత్రమే కదులుతున్నాయి. గుర్రం చెవులు ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిరిగాయి, ఒకటి దారి కోసం, ఒకటి ఆమె కోసం. ఏం చెప్తావో చెప్పు, వింటున్నాను, అన్నట్టు.

ఆమె పగ్గాలు రెండూ ఒక చేతిలోకి మార్చుకుంది. ఖాళీ చేతి గ్లవుజు పళ్ళతో లాగేసింది. కుడి చెవిలోంచి ఒకటి, ఎడమ చెవిలోంచి ఒకటి, రెండు దూది ఉండలూ తీసి గాలికి వదిలేసింది.